ఎడారి కవులు ఎత్తిపోయిన గుడారాల దగ్గరే పద్యం ఎందుకు ఎత్తుకుంటారు?

ప్రశ్న – వైనతేయ గట్టు

పెద్దలకు నమస్కారం. మాది కోనసీమలో వైనతేయ ఒడ్డున ఉన్న ఒక లంక గ్రామం. మా చిన్నాన్న కువైట్‌లో ఒక ఇంట్లో 18 ఏళ్లు కారు డ్రైవరుగా పనిచేసి, రెండేళ్ల క్రితం తిరిగి వచ్చేశారు. ఈ మధ్య ఇల్లు సర్దుతున్నప్పుడు ఆయన పెట్టెలో, ఇంటికి పంపిన డబ్బుల లెక్కలు రాసుకున్న నోటు పుస్తకం ఒకటి దొరికింది. దాని చివరి పేజీల్లో తెలుగు అక్షరాలతో రాసిన అరబ్బీ వాక్యాలు ఉన్నాయి. అవేమిటని అడిగితే, యజమాని కొడుకును బడికి తీసుకువెళ్లేటప్పుడు ఆ పిల్లవాడు వెనక సీట్లో కూర్చొని వల్లె వేసిన పద్యాలని, వినగా వినగా తనకు కూడా నోటికి వచ్చేశాయని, అర్థం మాత్రం సగమే తెలుసునని చెప్పారు. అందులో మొదటి పద్యం ఇది:

ఖిఫా నబ్కి మిన్ దిక్రా హబీబిన్ వ మన్జిలీ
బిసిఖ్‌తిల్ లివా బైనద్ దఖూలి ఫహౌమలీ

వెతికి చూస్తే ఇది 6వ శతాబ్దానికి చెందిన ఇమ్రుల్ ఖైస్ అనే కవి పద్యమని, అరబ్బీ చదువుకున్న వారికి ఇది కంఠతా వచ్చి ఉంటుందని తెలిసింది. "మిత్రులిద్దరూ ఒక్క క్షణం ఆగండి, దఖూల్‌కూ హౌమల్‌కూ నడుమ ఇసుక తిన్నె వంపు తిరిగి ఆగిపోయే చోట, ఒక ప్రియురాలిని, ఆమె బస చేసిన తావును తలచుకొని ఏడుద్దాం" అని దాని భావం. ఆ తరువాత ఆ కాలపు ఇతర కవులవి నాలుగైదు అనువాదాలు చదివాను. చాలావరకు అన్నీ ఇలాగే మొదలవుతున్నాయి. ఎవరో ఖాళీ చేసి వెళ్లిపోయిన చోటు ఉంటుంది, కవి ఒంటె ఆపుతాడు, కన్నీళ్లు పెడతాడు. మన కావ్యాలు ఇష్టదేవతా స్తుతితో మొదలవుతాయి, పూర్వకవులకు నమస్కరిస్తాయి. వారు మాత్రం పాడుపడ్డ జాగాకు నమస్కరిస్తున్నట్టుగా ఉంది. ఇది కేవలం కవిసమయమా, లేక వారి బతుకులోంచి వచ్చినదా? 

ఇలా అడగడానికి ఇంకొక కారణం ఉంది. మా తాతగారి ఇల్లు 1986 ఆగస్టు వరద తరువాత నదీ కోతలో పోయింది. నేటికీ పడవలో రేవు దాటేటప్పుడు నాన్నగారు పారే నీటి మీద ఒక చోటును వేలితో చూపించి, "మన చావిడి ఇక్కడే ఉండేది" అంటారు. ఆ పద్యం భావం చదివినప్పుడు నాకు ఆ వేలు గుర్తుకు వచ్చింది. పోలిక సరైనదేనా, నేను ఊరికే ఊహించుకుంటున్నానా అన్నది తెలిసినవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.


సమాధానం – మరుభూమి

వైనతేయ గట్టు గారికి, నేను హైదరాబాదులో అరబ్బీ సాహిత్యం చదువుకొని, ఇప్పుడు ఉద్యోగరీత్యా రాజమహేంద్రవరంలో ఉంటున్నాను. మీ పోలిక సరైనదే. అయితే ఒక్క చోట అది తిరగబడుతుంది, అది చివర చెబుతాను.

ముందు ఆ బతుకు సంగతి. అరేబియా ఎడారిలో ఒంటెలను మేపుకొనే తెగలకు ఏడాది పొడవునా ఒకే చోట ఉండే వీలు లేదు. చలికాలపు వానలు పడి పచ్చిక మొలిచినప్పుడు వేర్వేరు తెగలు దూరదూరాల నుంచి వచ్చి ఒకే మేత భూముల్లో పక్కపక్కనే గుడారాలు వేసుకొనేవి. ఆ రెండు మూడు నెలల్లోనే పరిచయాలు కలిసేవి, మనసులు కలిసేవి. ఎండలు ముదిరి పచ్చిక మాడిపోగానే ఏ తెగ తన శాశ్వతమైన బావుల వైపు ఆ తెగ వెళ్లిపోయేది. మరుసటి ఏడాది వాన ఎక్కడ పడుతుందో ఎవరికీ తెలియదు కనుక, అదే పిల్ల అదే చోటికి మళ్లీ వస్తుందన్న నమ్మకం ఉండదు. కాబట్టి ఎడబాటు అక్కడ కథ కోసం కల్పించినది కాదు, రుతువుతో పాటు ఏటా వచ్చేదే. దారిన పోతున్నవాడు పాత విడిదిని గుర్తుపట్టి ఆగిపోవడం అందరికీ అనుభవమైన విషయం.

వారు ఏం చూసి గుర్తుపడతారో గమనించండి. మసిబారిన మూడు పొయ్యిరాళ్లు, వాన నీరు లోపలికి రాకుండా గుడారం చుట్టూ తవ్విన చిన్న కాలువ, మేకులు దిగగొట్టిన గుంటలు. జుహైర్ అనే కవి తన దీర్ఘ పద్యంలో ఆ నల్లటి పొయ్యిరాళ్లనూ ఆ కాలువనూ పేరుపేరునా చెబుతాడు. 20 ఏళ్ల తరువాత అక్కడ నిలబడ్డానని, ఎంతోసేపు తేరిపార చూస్తే గాని ఆ ఇంటిని ఆనవాలు పట్టలేకపోయానని అంటాడు. మీ చిన్నాన్నగారి 18 ఏళ్లను తలచుకొని ఈ పద్యం మరొకసారి చదవండి. ఇమ్రుల్ ఖైస్ అయితే, ఒకప్పుడు మనుషులు తిరిగిన ముంగిళ్లలో ఇప్పుడు తెల్లజింకల పెంటికలు మిరియపు గింజల్లా చెల్లాచెదురుగా పడి ఉన్నాయంటాడు. మిరియానికి ఆయన వాడిన మాట ఫుల్‌ఫుల్. అది పారశీకం మీదుగా మన పిప్పలి నుంచి వెళ్లినదే. మలబారు తీరం నుంచి ఓడల్లో వెళ్లిన సరుకు 6వ శతాబ్దపు ఎడారి కవికి ఉపమానంగా పనికి వచ్చిందంటే, ఆ ఎడారి మనం అనుకొన్నంత ఏకాంతమైనది కాదని తెలుస్తుంది.

ఇక కవిసమయం సంగతి. ఆ దీర్ఘ పద్యాన్ని ఖసీదా అంటారు. విడిది దగ్గర దుఃఖం, ఆ తరువాత ఒంటె మీద ప్రయాణం, చివరికి అసలు పని. ఆ పని తెగ గొప్ప చెప్పుకోవడం కావచ్చు, దాతను పొగడడం కావచ్చు, శత్రువును ఎండగట్టడం కావచ్చు. 9వ శతాబ్దంలో ఇబ్న్ ఖుతైబా అనే పండితుడు ఈ వరుసకు చాలా లౌకికమైన కారణం చెప్పాడు. ప్రేమ ముచ్చట ఎవరికైనా చెవిన పడితే ఆగి వింటారు కనుక కవి ముందు దానితో సభను తన వైపు తిప్పుకొంటాడని, తరువాత దారి కష్టాలు ఏకరువు పెడతాడని, అంత కష్టపడి వచ్చినవాణ్ణి ఉత్త చేతులతో పంపడానికి దాతకు మొహం చెల్లదని ఆయన విశ్లేషణ. ఇది నిజమే, కాని సగం నిజం. ఆయన నగరవాసి, దర్బారు కవులను చూసి రాశాడు. జుహైర్ పద్యం గమ్యం వేరు. గుర్రపు పందెం తగవుతో మొదలై ఏళ్ల తరబడి సాగిన అబ్స్, జుబ్యాన్ తెగల యుద్ధాన్ని, చచ్చిపోయినవారందరికీ పరిహారపు ఒంటెలను తమ మందల నుంచి ఇచ్చి ఆపిన ఇద్దరు పెద్దమనుషులను కొనియాడడానికి ఆయన దాన్ని చెప్పాడు. అటువంటి సభలో రెండు పక్షాల వారూ కూర్చొని ఉంటారు. ఖాళీ అయిపోయిన ఇళ్లతో మొదలుపెట్టడం అక్కడ ఉత్త అలంకారమని నేను అనుకోలేను.

కాలం మారి అరబ్బులు నగరాల్లో స్థిరపడ్డాక ఈ ఏడుపు వెక్కిరింతకు కూడా గురైంది. బాగ్దాదులో అబూ నువాస్, "ఆ దౌర్భాగ్యుడు పాడుబడిన జాగాను పలకరించడానికి పక్కకు తిరిగాడు, నేను ఊళ్లో కల్లంగడి ఎక్కడని అడగడానికి తిరిగాను" అన్నాడు. (మద్యశాల అనడం సబబు, కాని మన వైపు ఇదే నప్పుతుంది.)

ఇప్పుడు పోలిక తిరగబడే చోటు. లబీద్ అనే కవి, వరద వచ్చి పైనున్న మన్ను కొట్టుకుపోగా ఆ విడిది గుర్తులు బయటపడ్డాయని, వెలిసిపోయిన రాతలను కలం మళ్లీ దిద్దినట్టుగా ఉన్నాయని అంటాడు. ఎడారిలో వరద మరుగునపడ్డ దాన్ని పైకి తెస్తుంది. మన గోదావరి వరద కోసుకొని పోతుంది, లేదంటే ఒండ్రు కప్పి పోతుంది. అందుకే వారికి చూడడానికి మూడు రాళ్లు మిగిలాయి, మీ నాన్నగారికి నీళ్లు మాత్రమే మిగిలాయి.


సమాధానం – యమాతారాజభాన

నేను తణుకు ప్రాంతంలో తెలుగు పండితుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. నాకు అరబ్బీ రాదు. అయినప్పటికీ వైనతేయ గట్టు గారు తెలుగు లిపిలో ఇచ్చిన పద్యాన్ని చూడగానే అలవాటు కొద్దీ కాగితం మీద గణవిభజన చేశాను. నివ్వెరపోయాను.

ఖిఫా నబ్ – లఘువు, గురువు, గురువు. ఇది యగణం. కి మిన్ దిక్ రా – యగణం మీద ఇంకొక గురువు. హబీబిన్ – మళ్లీ యగణం. వ మన్జిలీ – జగణం మీద గురువు. రెండో సగంలో బిసిఖ్ తిల్ యగణం, లివా బైనద్ యగణం మీద గురువు, దఖూలి జగణం, ఫహౌమలీ జగణం మీద గురువు. అంటే ఇది మన పద్యాల్లాగే లఘుగురువుల కొలతతో నడిచే పద్యం. ఆ తరువాత గ్రంథాలయంలో దొరికిన ఒక పుస్తకం తిరగేస్తే, ఈ వృత్తాన్ని తవీల్ అంటారని, "ఫఊలున్ మఫాఈలున్" అని రెండుసార్లు పలికితే ఒక సగమవుతుందని తెలిసింది. మనం యమాతారాజభానసలగం అని పిల్లల చేత పలికించినట్టుగా వారు ఈ అర్థం లేని మాటలను పలికిస్తారు.

ఇంకా ముచ్చటైన విషయం ఏమిటంటే, వారి ముతఖారిబ్ అనే వృత్తంలో ఒక్కొక్క సగానికి నాలుగు ఫఊలున్‌లు, అంటే నాలుగు యగణాలు. అది అచ్చంగా మన భుజంగప్రయాతం. ముతదారిక్‌లో నాలుగు రగణాలు. అది మన స్రగ్విణి. ఎవరి నుంచి ఎవరు తీసుకున్నారన్న వాదులాట జోలికి నేను పోను. రెండు భాషల్లోనూ అక్షరానికి పొడుగూ పొట్టీ ఉన్నప్పుడు చెవి ఇటువంటి నడకలను తనంతట తానే కనిపెట్టుకోగలదు.

తేడాలు కూడా ఉన్నాయి. మన వృత్తాల్లో యగణం రావలసిన చోట జగణం వస్తే ఛందోభంగమే. పైన చూపినట్టు వారికి హబీబిన్ ఉన్న మూడో గణం స్థానంలో, రెండో సగంలో దఖూలి వచ్చినా దోషం లేదు. ఈ వెసులుబాటు మన తేటగీతి, ఆటవెలదుల్లో ఇంద్రగణాల్లో ఏదైనా వేసుకోవచ్చుననే పద్ధతికి దగ్గరగా ఉంది. వారికి యతి లేదు, మన వంటి ప్రాస లేదు. మనం పాదం రెండో అక్షరం దగ్గర ప్రాస కడితే, వారు పద్యం చివర కడతారు, అదీ ఒకే హల్లుతో, ఎనభై పద్యాలున్నా చివరిదాకా ఒకటే. ఇది తెలుగులో చేయబోతే పదో పద్యానికి మాటలు అయిపోతాయి. వారికి ఎలా సాధ్యమైందని ఆలోచిస్తే, మనకు తెలిసిన మాటల్లోనే జవాబు కనిపించింది. గాలిబ్, తాలిబ్, కాతిబ్, సాహిబ్ – మూడు హల్లుల ధాతువును ఒకే అచ్చులో పోస్తే ఒకే తూకంలో మాటలు వస్తూనే ఉంటాయి. అంత్యప్రాస ఆ భాష కడుపులోనే ఉంది.

ఈ లెక్కంతా కట్టినవాడు 8వ శతాబ్దంలో బస్రా నగరంలో ఉన్న అల్ ఖలీల్ ఇబ్న్ అహ్మద్. బజారులో కంచరివాళ్ల సుత్తి దెబ్బల వరుస విని ఆయనకు ఈ ఆలోచన వచ్చిందని ఒక కథ చెబుతారు. ఆయన 15 వృత్తాలు చెప్పగా తరువాత అల్ అఖ్‌ఫష్ మరొకటి చేర్చి 16 చేశాడట. ఖలీల్ పెట్టిన పేర్లు చూడండి. పద్యాన్ని బైత్ అంటారు, అంటే ఇల్లు లేదా గుడారం. గణంలోని ముక్కలకు సబబ్, వతద్ అని పేర్లు. సబబ్ అంటే తాడు, వతద్ అంటే మేకు. మరుభూమి గారు చెప్పిన విడిదిలో గుడారం ఎత్తేసినా, మేకులూ తాళ్లూ పద్యంలో మిగిలే ఉన్నాయన్నమాట.


సమాధానం – పూతరేకు

చర్చ బాగా ఏడుపు వైపు నడిచింది. ఆ పద్యాలకు కోరలు కూడా ఉన్నాయని గుర్తు చేయడానికి రాస్తున్నాను. అరబ్బుల్లో తిట్టుకవిత్వాన్ని హిజా అంటారు, దానికి కత్తి కన్నా ఎక్కువ భయపడేవారు. ఏ తెగలోనైనా ఒక కవి తయారైతే పక్క తెగల వారు వచ్చి అభినందించి వెళ్లేవారని, విందులు జరిగేవని పాత గ్రంథాలు చెబుతాయి. ఎందుకంటే ఆ తెగ పరువుకు ఇక కాపలాదారు దొరికినట్టే. ప్రతి కవినీ ఒక జిన్ను పూనుతుందని, ఆ జిన్నులు ఉండేది అబ్ఖర్ అనే లోయలోనని నమ్మేవారు. మన వైపు నాలుక మీద సరస్వతి నిలిచిందంటాం, వారిది ఇంకాస్త ప్రమాదకరమైన నమ్మకం.

నాకు అన్నిటికంటే నచ్చిన కథ అల్ హుతైఅ అనే కవిది. ఇతను జుహైర్‌కు రావీ, అంటే ఆయన పద్యాలను కంఠస్థం చేసి ఊరూరా వినిపించిన శిష్యుడు. జిబ్రిఖాన్ అనే తెగ పెద్ద మీద ఇతను ఒక పద్యం చెప్పాడు: "గొప్ప పనుల ఊసు వదిలెయ్యి, వాటి కోసం నువ్వు బయలుదేరనక్కరలేదు. హాయిగా కూర్చో. నీకేం, తిండీ బట్టా లోటు లేనివాడివి." జిబ్రిఖాన్ వెళ్లి ఖలీఫా ఉమర్ దగ్గర ఫిర్యాదు చేశాడు. ఉమర్‌కు ఇందులో తప్పేమీ కనిపించలేదు. ఇది చీవాట్లే గాని తిట్టులా లేదే అన్నారట. అప్పుడు హస్సాన్ ఇబ్న్ సాబిత్ అనే కవిని పిలిచి అడిగితే, తిట్టడం కాదు, అంతకన్నా ఘోరమేనని ఆయన తీర్పు చెప్పాడు. హుతైఅను చెరసాలలో పెట్టారు.

గోదావరి జిల్లాల వారికి ఈ పద్యం విప్పి చెప్పవలసిన పని లేదు. "తమరికేమండీ, కూర్చున్న చోటికే అన్నీ వస్తాయి, తమరు కదలడం ఎందుకండీ ఆయ్" అని అరుగు మీద నుంచి ఎవరైనా అంటే, ఆ మాటలోని అండీలు లెక్కపెట్టి మరీ మనం నొచ్చుకుంటాం. అక్షరం అక్షరం మర్యాదే, మొత్తం చూస్తే చెంపదెబ్బ. అన్నట్టు ఆ హుతైఅ జైలు నుంచి బయటపడినది కూడా పద్యంతోనే. నీళ్లూ చెట్టూ లేని చోట ఇంకా ఈకలు మొలవని పక్షి పిల్లల్లా తన బిడ్డలు ఉన్నారని చెబితే ఉమర్ కంట తడి పెట్టి విడిపించారని, మళ్లీ ఎవరినీ తిట్టకుండా ఉండడానికి మూడు వేల దిర్హాములు ఇచ్చారని అంటారు.

దీని పెద్ద రూపం ఉమయ్యద్ ఖలీఫాల కాలంలో బస్రా పొలిమేరలోని మిర్బద్ సంతలో కనిపిస్తుంది. జరీర్, ఫరజ్‌దఖ్ అనే ఇద్దరు కవులు సుమారు నలభై ఏళ్లు ఒకరినొకరు పద్యాల్లో దుమ్మెత్తి పోసుకున్నారు. ఒకరు ఏ వృత్తంలో, ఏ ప్రాసలో తిడితే రెండోవారు సరిగ్గా అదే వృత్తంలో అదే ప్రాసలో జవాబు చెప్పాలి. ఒంటెల బేరానికి వచ్చినవారంతా వృత్తాకారంలో నిలబడి వినేవారు. ఇందులో నుమైర్ అనే తెగ మీద జరీర్ ఒక పద్యం విసిరాడు: "తల దించుకో, నువ్వు నుమైర్ వాడివి." ఆ తరువాత ఆ తెగ వారు తమ పేరు అడిగితే చెప్పుకోవడానికి వెనుకాడేవారని చెబుతారు. మనకు తిరుపతి వేంకట కవులకూ కొప్పరపు కవులకూ మధ్య నడిచిన పద్యయుద్ధాలు ఉన్నాయి. పక్షాలు చీలి కొట్టుకొనే దాకా వచ్చిన సభాసదుల కథలు మా తాతలు చెప్పగా విన్నాము. మిర్బద్‌లో ఆ రోజు ఎలా ఉండి ఉంటుందో ఊహించడం నాకు కష్టం కాలేదు.


సమాధానం – లేసు అల్లిక

ఇంతవరకు రాసినవారంతా మగ కవుల గురించే రాశారు. నాది నరసాపురం. మా అమ్మ తొమ్మిదేళ్లు మస్కట్‌లో ఒక ఇంట్లో వంటపని చేసింది. గల్ఫ్ ఇళ్లలో కవిత్వం అంటే ఇంటి ముందరి గది అయిన దివానియాలో మగవాళ్లు కూర్చొని చెప్పుకొనేదే అని అనుకోవద్దు.

అరబ్బీ కవిత్వంలో చనిపోయినవారి కోసం చెప్పే పద్యాలను రిసా అంటారు, ఆ విభాగానికి పేరు తెచ్చినది ఆడవాళ్లే. వారిలో అల్ ఖన్సా అనే ఆవిడ అందరికంటే పెద్ద పేరు. ఆమె ఇస్లాం రాకకు ముందు పుట్టి, ప్రవక్త కాలం చూసిన మనిషి. ఆమె అన్నదమ్ములైన ముఆవియా, సఖ్ర్ ఇద్దరూ తెగల పోరులో ఒకరి తరువాత ఒకరు పోయారు. సఖ్ర్ కోసం ఆమె బతికినంత కాలం పద్యాలు చెప్పింది. "పొద్దు పొడుపు నాకు సఖ్ర్‌ను గుర్తు చేస్తుంది, ప్రతి పొద్దుగుంకుడుకూ నేనే వాణ్ణి తలచుకుంటాను" అన్నది ఆమె పద్యాల్లో ఒకటి. దీన్ని ఉత్త దుఃఖంగా చదివితే సగమే చదివినట్టు. పొద్దున అంటే దాడికి బయలుదేరే వేళ, సాయంత్రం అంటే అతిథులకు నిప్పు రాజేసే వేళ అని, సఖ్ర్ వీరత్వాన్నీ ఔదార్యాన్నీ కలిపి చెప్పిందని పాత వ్యాఖ్యాతలు వివరిస్తారు. మరొక చోట, దారి చూపేవారికే దారి చూపినవాడని, కొండ కొమ్మున మండే మంట వంటివాడని అంటుంది. తాయిఫ్ దగ్గర ఉకాజ్ సంతలో, పోట్లాటలు నిషిద్ధమైన పవిత్ర మాసంలో, నాబిఘా అనే పెద్ద కవి ఎర్ర తోలు గుడారంలో కూర్చొని తీర్పు చెబుతుంటే ఆమె వెళ్లి అక్కడ పద్యాలు చదివి మెప్పు పొందిందని కథనం.

మన పల్లెల్లో చావు జరిగిన ఇంట్లో పెద్ద ముత్తయిదువలు శోకాలు పెట్టడం నా చిన్నప్పుడు చూశాను. అది వట్టి ఏడుపు కాదు. "నా పడవ నడిపిన నాయనా, నా గాదె నింపిన నాయనా" అని ఒక్కొక్క మంచిపనినీ రాగంలో పేర్చుకుంటూ పోతారు. వరుస తప్పదు, ఊపిరి తీసుకొనే చోటు తప్పదు. మగవాళ్లు బయట అరుగు మీద మౌనంగా కూర్చొని వింటారు. ఊరి ముందు ఒక మనిషి విలువను తేల్చే పని ఆ గంటలో ఆడవాళ్ల గొంతు మీద ఉంటుంది. ఖన్సా చేసినది ఆ పనే, కాకపోతే ఆమె గొంతును రావీలు దాచిపెట్టారు, మన వారి గొంతులు ఆ సాయంత్రంతోనే పోయాయి.

ఈ కాలం మాట కూడా ఒకటి. అబుదాబిలో 2006లో మొదలైన "మిలియన్స్ పోయెట్" అనే టెలివిజన్ పోటీ గ్రాంథిక అరబ్బీలో జరగదు, నబతీ అనే గల్ఫ్ వాడుక భాషా కవిత్వంలో జరుగుతుంది. 2010లో హిస్సా హిలాల్ అనే సౌదీ మహిళ ముఖం కనబడకుండా నల్లని నిఖాబ్ వేసుకొని వేదిక ఎక్కి, కఠినమైన ఫత్వాలు ఇచ్చే మతపెద్దలను విమర్శిస్తూ పద్యం చదివి, మూడో స్థానం పొందింది. ఆ కార్యక్రమం వచ్చే వేళకు ఇంట్లో ఆడవాళ్లంతా ఒక గదిలో చేరేవారని, తనను కూడా కూర్చోమనేవారని, మాట అర్థం కాకపోయినా పద్యం చివరి మాటను అందరూ ముందే ఊహించి కలిసి పలికేవారని అమ్మ చెప్పింది.


సమాధానం – సందేహాల రేవు

అందరూ 6వ శతాబ్దం అంటూ నిబ్బరంగా రాస్తున్నారు. ఆ పద్యాలు గ్రంథాలకెక్కినది 8వ శతాబ్దంలో కదా? ఏడు పెద్ద ఖసీదాలను ఏరి కూర్చిన హమ్మాద్ అనే రావీ మీద, తానే పద్యాలు కట్టి పాతవారి పేరు పెట్టేవాడన్న అపవాదు ఆ రోజుల్లోనే ఉంది. ఆ ఖసీదాలను బంగారు అక్షరాలతో రాసి కాబా గోడకు వేలాడదీశారన్న కథను ఇప్పటి పండితులు చాలామంది నమ్మరు. 1926లో ఈజిప్టు పండితుడు తాహా హుసేన్, ఇస్లాంకు ముందుదని చెప్పుకొనే కవిత్వంలో అధికభాగం తరువాతి వారు కల్పించినదేనని పుస్తకం రాస్తే పెద్ద గొడవ జరిగి, దాన్ని వెనక్కి తీసుకొని మార్పులతో మళ్లీ ప్రచురించవలసి వచ్చింది. ఈ విషయం చెప్పకుండా చర్చ సాగించడం న్యాయం కాదు.


సమాధానం – మరుభూమి

సందేహాల రేవు గారి అభ్యంతరం న్యాయమైనదే. తాహా హుసేన్ వాదన అంత దూరం వెళ్లనక్కరలేదని తరువాతి పండితుల్లో ఎక్కువమంది అభిప్రాయం. ఇందులో రావీ వ్యవస్థను గుర్తు పెట్టుకోవాలి. ఔస్ ఇబ్న్ హజర్‌కు జుహైర్ రావీ, జుహైర్‌కు హుతైఅ రావీ. వారు పద్యాన్ని మోసుకొచ్చినవారే కాదు, తామూ కవులు. కాబట్టి నోటి మీద నడిచిన పద్యంలో మాటలు మారడం, పద్యాలు ముందు వెనుకలు కావడం సహజం. ఒకే ఖసీదాకు వేర్వేరు పాఠాలు ఉండడానికి అదే కారణం. దొంగపద్యం అనే మాటకూ పాఠభేదం అనే మాటకూ మధ్య చాలా దూరం ఉంది. వేమన పేరు మీద చలామణీ అవుతున్న పద్యాలన్నీ ఆయనవేనా అని మనమూ అడగవచ్చు, అంతమాత్రాన వేమన లేడని ఎవరూ అనరు.

పండితుల వారి గణవిభజన చదివి సంతోషించాను. దానికి ఒక చిన్న పొడిగింపు. సగానికి సగం తూగుతూ ఒకే ప్రాసతో సాగే ఆ గుడారాన్ని గట్టిగా కదిలించినది 1947లో. ఈజిప్టులో కలరా ప్రబలి జనం చనిపోతున్న రోజుల్లో ఇరాకు కవయిత్రి నాజిక్ అల్ మలాయికా "కలరా" అనే కవిత రాసింది. గణాన్ని ఉంచి, పంక్తికి ఇన్ని గణాలన్న లెక్కను వదిలేసింది. అదే సమయంలో బద్ర్ షాకిర్ అస్సయ్యాబ్ కూడా ఆ దారిలోనే నడిచాడు. అరబ్బీలో ఆధునిక కవిత్వం మేకులు పీకేయకుండా తాళ్లు వదులు చేయడంతో మొదలైంది. వచన కవిత తరువాతి మాట.

వైనతేయ గట్టు గారూ, మీ చిన్నాన్నగారు దివానియాలో ఎప్పుడైనా కూర్చున్నారేమో కనుక్కోగలరా? ఈ పద్యాలు ఇప్పటికీ ఎలా వింటారో పుస్తకాల కన్నా ఆయనకే బాగా తెలిసి ఉంటుంది.


వైనతేయ గట్టు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి భోజనాలయ్యాక ఇవన్నీ చిన్నాన్నకు చదివి వినిపించాను. లబీద్ వరద పద్యం దగ్గర మరొకసారి చదవమన్నారు, ఏమీ అనలేదు. హుతైఅ పద్యానికి మాత్రం పగలబడి నవ్వారు.

దివానియా గురించి అడిగాను. అది ఇంటి ముందరి వైపు మగవాళ్ల కోసం ప్రత్యేకించిన గది. గోడల వెంట చుట్టూరా పరుపులు, దిండ్లు ఉంటాయి. చిన్నాన్న లోపల కూర్చొనేవారు కాదు. గహ్వా పోసే కుర్రవాడు సెలవు పెట్టిన రోజుల్లో ఆ పని ఈయన చేసేవారు. యాలకులు వేసిన పలచని కాఫీని పిడి లేని చిన్న కప్పుల్లో కుడి పక్క నుంచి పోసుకుంటూ వెళ్లాలి. చాలనుకొన్నవారు కప్పును చేత్తో అటూ ఇటూ ఊపుతారు, ఊపే దాకా పోస్తూనే ఉండాలి. ఎవరైనా పద్యం ఎత్తుకొంటే మాత్రం పోయడం ఆపి, కూజా పట్టుకొని నిలబడిపోవాలట. చెప్పడం పూర్తి కాగానే అందరూ "సహ్ లిసానక్" అంటారు, నీ నాలుక చల్లగా ఉండాలని దీవించినట్టు. దానికి కవి "సహ్ బదనక్" అని బదులిస్తాడు, నీ ఒళ్లు చల్లగా ఉండాలని. ఒకసారి ఒక ముసలాయన పద్యం చెప్పినప్పుడు, చేతిలో కూజాతో ఉన్న చిన్నాన్న నోట కూడా అప్రయత్నంగా ఆ మాట వచ్చేసిందట. గదిలో ఒక్క క్షణం నిశ్శబ్దం. ఆ ముసలాయన ఈయన వైపు తిరిగి చూసి, తక్కినవారికి చెప్పినట్టే "సహ్ బదనక్" అన్నారట.

యజమాని కొడుకు దఖూల్, హౌమల్ అన్న ఊళ్ల పేర్ల దగ్గర ఎప్పుడూ తడబడేవాడని, తాను స్టీరింగు తిప్పుతూనే అందించేవాడినని చిన్నాన్న చెప్పారు. ఒక రోజు ఆ పిల్లవాడు, మీ ఊరు ఏ రెండు ఊళ్ల మధ్య ఉంటుందని అడిగాడట. ఈయన అటు ఒక లంక పేరు, ఇటు ఒక లంక పేరు చెబితే, వాడు ఆ రెండింటినీ పద్యంలో దఖూల్, హౌమల్ స్థానంలో పెట్టి చదవబోయి తూకం కుదరక నవ్వేశాడట.

నోటు పుస్తకంలో ఇంకా నాలుగు పద్యాలు ఉన్నాయి. మూడు ఉన్నవి ఉన్నట్టుగా రేపు ఇక్కడ రాస్తాను, ఎవరివో గుర్తుపట్టి చెప్పండి. నాలుగోదాని మీద ఎప్పుడో వాన నీరు పడి సిరా అలుక్కుపోయింది. చివర "లీ" అన్న అక్షరం, మధ్యలో "ఫుల్‌ఫు" అన్నంత వరకు మాత్రం చదవగలుగుతున్నాను. మరుభూమి గారు చెప్పిన మిరియాల పద్యం ఇదేనేమో, పూర్తి పాఠం తెలుగు లిపిలో ఇవ్వగలిగితే చిన్నాన్న చేత మళ్లీ రాయిస్తాను.